స్టార్ హోటల్‌కి అంత డబ్బు పెట్టొచ్చా? బుక్ చేసే ముందు ఈ లెక్క వేసుకోండి

"అన్నా, చెన్నైలో ఆ హోటల్ రాత్రికి తొమ్మిది వేలంట. అంత పెట్టొచ్చంటావా?"

నెల్లూరులో ట్రావెల్స్ నడుపుతున్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. ఒంగోలు నుంచి, కావలి నుంచి, కందుకూరు నుంచి ఫోన్ చేసేవాళ్ళూ చివరికి ఇక్కడికే వస్తారు. తిరుమలకు వెళ్ళేవాళ్ళు, అమ్మానాన్నలను చెన్నై గ్రీమ్స్ రోడ్డు ఆస్పత్రులకు తీసుకెళ్ళేవాళ్ళు, మగపెళ్ళివారికి విడిది వెతికేవాళ్ళు, పిల్లల సెలవులకు మహాబలిపురం వైపు రిసార్టు చూసేవాళ్ళు. వీళ్ళందరికీ ఒకే జవాబు చెప్పలేను. జవాబు తేల్చుకునే పద్ధతి మాత్రం అందరికీ ఒకటే. దాన్ని వరసగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువ పెట్టే డబ్బు ఫలానా దానికి అని మీరు పేరు పెట్టి చెప్పగలగాలి, ఆ ఫలానాదాన్ని అనుభవించే టైము మీకు ఉండాలి. రెండూ ఉంటే సంకోచం లేకుండా పెట్టండి. అందులో ఏది లేకపోయినా ఆ డబ్బు మీ ఇంట్లో ఇంకో పనికి వస్తుంది.

కావలసినవి

• ఒక కాగితం, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా సరే.
• చేరే టైము, తిరిగి బయల్దేరే టైము. దర్శనం స్లాటు, డాక్టర్ అపాయింట్‌మెంటు, ముహూర్తం లాంటివి ఉంటే అవి కూడా.
• వచ్చేవాళ్ళ లిస్టు, వయసులతో సహా. మోకాళ్ళ నొప్పులు ఎవరికి, రాత్రిళ్ళు బాత్రూముకు లేచేది ఎవరు, పాలు వేడి చేయాల్సిన బిడ్డ ఉందా అన్నవి పక్కన రాయండి.
• ఒకే ఏరియాలో రెండు హోటళ్ళ పేర్లు. ఒకటి మీరు ఆశపడుతున్న పెద్ద హోటల్, రెండోది శుభ్రంగా ఉండే మధ్యరకం.
• అరగంట తీరిక, రెండు ఫోన్ కాల్స్.

1. అసలు రాత్రి ఉండాలా అన్నది ముందు తేల్చండి

నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరి పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరిపోవచ్చు. తిరుపతి ఇంకా దగ్గర. ఒంగోలు వాళ్ళకు మాత్రం చెన్నై దాదాపు 300 కిలోమీటర్లు, ఒక్కరోజులో పోయి రావడమంటే ఒళ్ళు హూనమవుతుంది. అందుకే నెల్లూరులో ఉండే చుట్టం చెప్పిన సలహా ఒంగోలులో ఉన్న మీకు పనికిరాకపోవచ్చు.

ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా వందే భారత్ ఆగుతోంది. పగలే పని అయిపోయేలా ఉంటే ముందు రైలు టైములు చూసి, తర్వాత గదుల సంగతి చూడండి.

2. ఎందుకు పెద్ద హోటల్ కావాలో ఒక్క వాక్యంలో రాయండి

"మంచి హోటల్ కదా" అన్నది కారణం కాదు. "అందరూ అక్కడే దిగుతారంట" అన్నదీ కాదు. ఇదుగో, ఇలా ఉండాలి:

• నాన్నకు ఆపరేషన్ అయి వారమే అయింది, లిఫ్టు ఆగిపోని చోటు, నిశ్శబ్దంగా పడుకునే గది కావాలి.
• పిల్లలు రెండు రోజులు నీళ్ళలో ఆడుకోవాలి, మేం ఎక్కడికీ తిరగం.
• చీమకుర్తి గ్రానైట్ క్వారీ చూడటానికి బయటి దేశం నుంచి కొనుగోలుదారు వస్తున్నాడు, అతను ఫోన్‌లో మీటింగులు పెట్టుకోవాలి, అతని తిండి అతనికి దొరకాలి.
• పెళ్ళయి పాతికేళ్ళయింది, ఒక్క రాత్రి ఆమెకు వంటింటి ధ్యాస లేకుండా గడపాలి.

ఆఖరిది కూడా నిఖార్సయిన కారణమే. సంతోషం కోసం ఖర్చు పెట్టడాన్ని తప్పు పట్టే ఉద్దేశం నాకు లేదు. ఏ సంతోషమో తెలిసి పెట్టమంటున్నాను, అంతే.

వాక్యం రాయలేకపోతే ఇక్కడే ఆగిపోయి మధ్యరకం హోటల్ బుక్ చేసుకోండి. మిగతా మెట్లు మీకు అక్కర్లేదు.

3. గదిలో మెలకువగా ఉండే గంటలు లెక్కపెట్టండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేదీ దీన్నే.

కావలి నుంచి ఒక కుటుంబం తిరుమలకు వెళ్తోందనుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, నానమ్మ. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు, సాయంత్రం స్లాటు. తిరుపతిలో మధ్యాహ్నం 2కి గదిలోకి వెళ్తారు. స్నానాలు చేసి 3కల్లా కొండకు బయల్దేరతారు. దర్శనం, లడ్డూలు, తిరుగు ప్రయాణం అయ్యి గదికి వచ్చేసరికి రాత్రి 11. అందరూ అలసిపోయి పడుకుంటారు. పొద్దున 8కి లేస్తే 11కి చెకవుట్. మెలకువగా గదిలో ఉన్నది నాలుగు గంటలు. అందులో స్నానాలకు, జడలకు, బ్యాగులు సర్దడానికి పోగా మిగిలేది గంటన్నర. స్విమ్మింగ్ పూల్ చూడను కూడా చూడరు. ఆ రాత్రికి వాళ్ళకు కావలసింది శుభ్రమైన పక్క, వేడినీళ్ళు, కారు పెట్టుకునే చోటు. ఇవి మధ్యరకం హోటల్లోనూ దొరుకుతాయి.

కొండ మీద ఉండేవి టీటీడీ గదులు, మఠాల గదులే, స్టార్ హోటళ్ళన్నీ కింద తిరుపతిలోనే ఉంటాయి. కొండ మీద గది దొరికితే కింద ఖరీదైన గది తీసుకోవడంలో అర్థమే లేదు. మొక్కు కోసం, దర్శనం కోసం వెళ్ళే ప్రయాణానికి లగ్జరీ గది వద్దనే చెప్తాను. ఒక్క మినహాయింపు ఉంది, దాన్ని 6వ మెట్టులో రాశాను.

అదే కుటుంబం వేసవిలో చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద సముద్రం పక్క రిసార్టుకు వెళ్ళిందనుకోండి. మధ్యాహ్నం 2కి చేరింది మొదలు పడుకునేదాకా అక్కడే. మర్నాడు మొత్తం అక్కడే. రెండు రాత్రులుంటే మెలకువ గంటలు పాతిక దాటతాయి. అక్కడ పెట్టే డబ్బుకు ఫలితం కనిపిస్తుంది.

మామూలుగా నేను చెప్పే కొలత: ఒక్కో రాత్రి బసకు హోటల్లో మెలకువగా ఉండేది ఆరు గంటల కన్నా తక్కువైతే పెద్ద హోటల్ వద్దు. పది దాటితే తీసుకోవడం గురించి ఆలోచించండి. మధ్యలో ఉంటే 6వ మెట్టు తేలుస్తుంది.

జాగ్రత్త: మన ఊళ్ళలో చాలా లాడ్జీల్లో 24 గంటల పద్ధతి ఉంటుంది. ఎప్పుడు దిగితే మర్నాడు అదే టైముదాకా గది మీదే. పెద్ద హోటళ్ళలో అలా కాదు. మధ్యాహ్నం 2కో 3కో లోపలికి, మర్నాడు 11కో 12కో బయటికి. తెల్లవారుజామున రైలు దిగితే "గది ఇంకా రెడీ కాలేదు సార్" అంటారు, లేదా ముందు రోజు రేటు కూడా వేస్తారు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మధ్యాహ్నానికి చెన్నై దిగేవాళ్ళకు ఈ బాధ లేదు. రాత్రి బండి ఎక్కేవాళ్ళు తప్పకుండా ముందు ఫోన్ చేసి అడగండి.

4. అసలు బిల్లు ఎంతో రాయండి

యాప్‌లో పెద్ద అక్షరాలతో కనిపించేది బిల్లు కాదు. పన్ను కలిపి చూడండి.

2025 సెప్టెంబర్ 22 నుంచి, రోజుకు 7,500 రూపాయల దాకా ఉండే గదికి జీఎస్టీ 5 శాతం. అంతకు ముందు ఇది 12 శాతం ఉండేది. 7,500 దాటితే 18 శాతం. ఈ గీత దగ్గర ఏం జరుగుతుందో చూడండి:

• 7,400 రూపాయల గది: పన్నుతో 7,770.
• 7,600 రూపాయల గది: పన్నుతో 8,968.

రేటులో తేడా 200 రూపాయలు, బిల్లులో తేడా 1,198. కాబట్టి మీరు చూసే గది 7,500కు కాస్త అటూ ఇటూగా ఉంటే ఒకరోజు ముందుకో వెనక్కో జరిపి చూడండి. హోటల్ రేట్లు రోజు రోజుకూ మారతాయి. సముద్రం పక్క రిసార్టులకు శనివారం గిరాకీ ఎక్కువ, సిటీలో బిజినెస్ హోటళ్ళకు ఆదివారం రాత్రి గిరాకీ తక్కువ. ఆదివారం వెళ్ళి మంగళవారం తిరిగొచ్చే వీలుంటే రిసార్టు అదే, సముద్రం అదే, రేటు మాత్రం చాలాసార్లు తగ్గుతుంది.

భోజనానికీ ఇదే గీత వర్తిస్తుంది. 7,500 దాటిన రేటుకు గదులు అమ్మే హోటల్లోని రెస్టారెంటులో తిండి మీద 18 శాతం పన్ను పడుతుంది, బయటి రెస్టారెంటులో 5 శాతమే. 3,000 రూపాయల భోజనం అక్కడ 3,540, ఇక్కడ 3,150. పైగా అదే ఇడ్లీ ధర అక్కడ ఎంత ఉంటుందో మీకు తెలుసు.

ఇక బిల్లులో సర్వీస్ ఛార్జి అని వేస్తే తీసేయమని అడిగే హక్కు మీకుంది. దాన్ని అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. మర్యాదగా చెప్పండి, ఎక్కువచోట్ల తీసేస్తారు.

వ్యాపారస్థులకు ఒక మాట. చెన్నై హోటల్లో కట్టిన జీఎస్టీ తమిళనాడుది. ఆంధ్రాలో ఉన్న మీ రిజిస్ట్రేషన్ కింద అది వెనక్కి రాదు. "ఎటూ క్లెయిమ్ చేసుకుంటాం కదా" అనుకుని పెద్ద గది తీసుకోకండి.

5. ఎన్ని గదులు పడతాయో చూడండి

లెక్క ఎక్కువగా తలకిందులయ్యేది ఇక్కడే. మన లాడ్జీలో ఒక పరుపు అదనంగా అడిగితే వేస్తారు, అయిదుగురు సర్దుకుంటారు. పెద్ద హోటల్లో ఒక గదికి ఇంతమందే అని గట్టి నియమం ఉంటుంది. చాలాచోట్ల ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరిద్దరు చిన్నపిల్లలు. నానమ్మ వస్తే రెండో గది. 9,000 రూపాయల గది పన్నుతో 10,620 అయితే, రెండు గదులు 21,240. మధ్యరకంలో 3,500 రూపాయల గదులు రెండు తీసుకున్నా 7,350.

ఏ వయసు దాకా పిల్లలకు ఉచితం, ఎక్స్‌ట్రా బెడ్ ఎంత, పిల్లల టిఫిన్‌కు విడిగా వేస్తారా అన్నవి ఒక్కో హోటల్లో ఒక్కో రకం. బుకింగ్‌లో ఇద్దరు అని పెట్టి అయిదుగురు దిగితే రిసెప్షన్ దగ్గర అప్పటికప్పుడు వేసే రేటు కట్టాల్సిందే. పెద్దవాళ్ళందరి ఒరిజినల్ గుర్తింపు కార్డులూ అడుగుతారు.

6. ఒంటికి అవసరమైన వాటిని వేరే రాయండి

పెద్దవాళ్ళు, బాలింతలు, ఆపరేషన్ అయినవాళ్ళు ఉంటే పైన చెప్పిన గంటల లెక్క కొంచెం సడలించవచ్చు. ఆ మినహాయింపు ఇదే. ఇక్కడ కూడా స్టార్లు చూడకండి, బాత్రూము చూడండి.

పాత పెద్ద హోటళ్ళు చాలావాటిలో షవర్ బాత్‌టబ్ లోపలే ఉంటుంది. స్నానం చేయాలంటే టబ్బు గోడ మీదుగా కాలెత్తి లోపల పెట్టాలి, అదీ తడి పింగాణీ మీద. డెబ్బై దాటిన మనిషికి, మోకాలు వంగని మనిషికి అది ప్రమాదం. గది అద్దె పన్నెండు వేలయినా ఆ బాత్రూము అలాంటివాళ్ళకు పనికిరాదు. ఫోన్ చేసినప్పుడు ఈ మాటలే వాడండి: "టబ్బు లేకుండా, నేల మీదే నిలబడి స్నానం చేసే షవర్ ఉన్న గది కావాలి. కమోడ్ పక్కన పట్టుకునే రాడ్ ఉందా? బాత్రూము గడప దగ్గర మెట్టుందా?" కొన్ని కొత్త మధ్యరకం హోటళ్ళలో ఇవి స్టార్ హోటల్ కన్నా బాగుంటాయి.

మన పెద్దవాళ్ళకు షవర్ కింద నిలబడటం అలవాటుండదు. బకెట్, చెంబు, ఒక స్టూలు కావాలి. ఏ హోటలైనా హౌస్‌కీపింగ్‌కు ఫోన్ చేసి అడిగితే బకెట్, మగ్గు పంపిస్తారు, మొహమాటపడొద్దు. స్టూలు మాత్రం వెళ్ళకముందే అడిగి పెట్టుకోండి.

ఆస్పత్రి పని మీద వెళ్ళేవాళ్ళు హోటల్ స్థాయి కన్నా ఆస్పత్రికి ఎంత దగ్గరో చూడండి. రాత్రి ఏదైనా అయితే నడిచిపోయే దూరంలో ఉండటం అన్నిటికన్నా పెద్ద సౌకర్యం. నాలుగైదు రోజులు దాటేలా ఉంటే స్టార్ హోటల్ డబ్బుతో వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకోవచ్చు. పథ్యం మనిషికి మెత్తగా అన్నం, చారు కాచి పెట్టగలగడం ఏ బఫేలోనూ దొరకదు.

7. హోటల్‌కే ఫోన్ చేయండి

యాప్ కస్టమర్ కేర్‌కు కాదు, హోటల్ రిసెప్షన్‌కు. ఇవి అడిగి కాగితం మీద రాసుకోండి:

• పన్నుతో కలిపి ఎంత? టిఫిన్ కలిపా, లేకుండానా?
• క్యాన్సిల్ చేస్తే ఎప్పటిదాకా డబ్బు వాపసు? కొన్ని తక్కువ రేట్లు అసలు వాపసు ఇవ్వనివే.
• దిగేటప్పుడు డిపాజిట్ ఎంత పట్టుకుంటారు? కార్డు మీద పట్టుకున్న డబ్బు విడుదల కావడానికి కొన్ని రోజులు పడుతుంది. తిరుగు ప్రయాణానికి ఆ డబ్బునే నమ్ముకోకండి.
• పూల్ టైములేంటి, ఏ బట్టలతో రానిస్తారు? చాలాచోట్ల నైలాన్ ఈతబట్టలు ఉంటేనే దిగనిస్తారు. చీరలతో, చుడీదార్లతో, నూలు నిక్కర్లతో రానివ్వరు. పూల్ కోసమే డబ్బు పెట్టి గట్టు మీద కూర్చుని వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.
• చూడటానికి వచ్చే చుట్టాలను గదికి రానిస్తారా? పెద్ద హోటళ్ళలో లాబీలోనే కూర్చోబెట్టి మాట్లాడమంటారు.
• బయటి తిండి తేవచ్చా? పులిహోర డబ్బా, పెరుగన్నం, ఆవకాయ తీసుకెళ్ళే అలవాటుంటే ఇది తప్పక అడగాల్సిన ప్రశ్న.
• పొద్దున 5కే బయల్దేరితే టిఫిన్ కట్టిస్తారా? టిఫిన్ మొదలయ్యే టైముకు మీరు బయల్దేరిపోతే దానికి కట్టిన డబ్బు వృథా.

జాగ్రత్త: ఫోన్ నంబరు వెతికేటప్పుడు చూసుకోండి, నకిలీ వెబ్‌సైట్లున్నాయి, ముఖ్యంగా తిరుపతి గదుల పేరుతో. "అడ్వాన్స్ ఇప్పుడే పంపండి, క్యూఆర్ పంపుతున్నా" అని తొందరపెడితే పెట్టేయండి ఫోను. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

8. మధ్యేమార్గాలు చూడండి

అన్నీ వద్దు, కొన్ని కావాలి అనిపిస్తే అవి విడిగా కొనుక్కోవచ్చు.

పెద్ద హోటల్ భోజనం రుచి చూడాలనుంటే మధ్యరకంలో దిగి ఒక్క మధ్యాహ్నం బఫేకి అక్కడికి వెళ్ళండి. రిసార్టు కావాలనుంటే డే ప్యాకేజీలు అడగండి. పొద్దున వెళ్ళి పూల్, భోజనం, సాయంత్రం టీ అయ్యాక వచ్చేయడమే. మూడు రాత్రుల ప్రయాణమైతే తిరిగే రెండు రాత్రులు మామూలు గది, ఆఖరి రాత్రి మంచి గది. ఆఖరిరోజు తిరుగుడు ఉండదు కాబట్టి మెలకువ గంటలన్నీ అక్కడే పడతాయి. ఈ పద్ధతి నేను చాలామందికి చెప్పాను, వెళ్ళొచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు.

పిల్లలకు సముద్రమే కావాలంటే నెల్లూరు వాళ్ళకు మైపాడు, ఒంగోలు వాళ్ళకు కొత్తపట్నం ఉన్నాయి. రాత్రి ఉండక్కర్లేదు. లోతుకు మాత్రం దిగనివ్వకండి.

9. తేల్చండి

రెండు బిల్లుల తేడా రాయండి. 5వ మెట్టు ఉదాహరణలో ఒక్కో గదికి చూస్తే, పెద్ద హోటల్ 10,620లోంచి మధ్యరకం 3,675 తీసేస్తే 6,945. దాని కింద పెద్ద హోటల్లో మీరు నిజంగా వాడుకునేవి రాసి, ఒక్కోదానికి మీరు జేబులోంచి ఇష్టంగా ఎంత ఇస్తారో వేయండి. హోటల్ వేసే ధర కాదు, మీరు ఇచ్చే ధర. బఫే టిఫిన్ మనిషికి ఏడెనిమిది వందలని వాళ్ళు రాసుకుంటారు. మీరు బయట నెయ్యి కారం దోశ, కాఫీతో తృప్తిపడే మనిషైతే దాని విలువ మీకు 150. ఆ 150 వేయండి.

కూడిక తేడాకు దగ్గరగా వస్తే తీసుకోండి. సగం కూడా రాకపోతే వద్దు. ఇంట్లో ఇద్దరూ విడివిడిగా రాసి చూసుకుంటే ఇంకా మంచిది. ఆయన పూల్‌కు వేసినంత ఆమె వేయకపోవచ్చు, ఆమె నిశ్శబ్దానికి వేసినంత ఆయన వేయకపోవచ్చు.

విడిది సంగతి వేరే

మగపెళ్ళివారికి గదులు తీసుకోవడంలో లెక్కతో పాటు మర్యాద కూడా ఉంటుంది, అది నాకు తెలుసు. "వాళ్ళు చిన్నబుచ్చుకుంటారేమో" అన్న భయంతో ఉన్నదంతా స్టార్ హోటల్ గదులకే పోసే తల్లిదండ్రులను చూస్తే నాకు బాధేస్తుంది. వియ్యాలవారు గుర్తుపెట్టుకునేవి వేరే. తెల్లవారుజామున 5కి కాఫీ అందిందా, అందరి గదుల్లో ఒకేసారి వేడినీళ్ళు వచ్చాయా, మంటపానికి బండి టైముకు వచ్చిందా, అడిగితే పలికే మనిషి కింద ఉన్నాడా.

ముహూర్తం రాత్రిపూటైతే గదుల్లో ఎవరూ నాలుగు గంటలు కూడా పడుకోరు. కాబట్టి ఇలా చేయండి. పెళ్ళికొడుకుకు, అతని అమ్మానాన్నలకు, పెద్దవయసు వాళ్ళకు మంచి గదులు రెండో మూడో. మిగతావాళ్ళకు మంటపానికి దగ్గరలో శుభ్రమైన హోటల్లో ఒకే అంతస్తులో గదులు. మన తరఫు కుర్రాడిని ఒకణ్ణి ఆ రాత్రంతా రిసెప్షన్ దగ్గర ఉంచండి. గదులు మాట్లాడేటప్పుడు ఇద్దరికో ముగ్గురికో ఒక గది అని ముందే లెక్కకట్టి, రెండు గదులు అదనంగా అట్టే పెట్టండి. నెల్లూరులో అయితే బారాషహీద్ దర్గా రొట్టెల పండగ రోజులు చూసుకోండి, ఆ నాలుగైదు రోజులు ఊళ్ళో గది దొరకడమే కష్టం.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

లాబీ చూసి పడిపోవడం. లాబీలో నల్లగా, లోపల బంగారు చుక్కలు పోసినట్టు మెరిసే రాయి కనిపిస్తే అది మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైటే. మనకు గర్వమే కానీ గది ఎలా ఉంటుందో అది చెప్పదు. దిగేముందు గది చూపించమని అడగండి, చూపిస్తారు. చూసి, బాగాలేకపోతే అప్పుడే మార్చమనండి.

యాప్‌లో స్టార్లను నమ్మడం. హోటల్‌కు అధికారికంగా స్టార్ ఇచ్చేది కేంద్ర పర్యాటక శాఖ కమిటీ. అయిదేళ్ళకోసారి దాన్ని మళ్ళీ తీసుకోవాలి. అది తీసుకోవడం తప్పనిసరి కాదు కాబట్టి తీసుకోని హోటళ్ళు చాలా ఉన్నాయి. యాప్‌లో కనిపించే స్టార్ అదే అయి ఉండాలని లేదు. పేరులో గ్రాండ్, రాయల్ అని ఉండటం అసలు లెక్కలోకే రాదు.

రివ్యూల్లో అయిదు స్టార్లవి మాత్రమే చదవడం. మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళవి చదవండి. మంచీ చెడూ రెండూ రాసేది వాళ్ళే. ఈ రెండు మూడు నెలల్లో రాసినవే చూడండి. లిఫ్టు, ఏసీ చప్పుడు, పక్కన ఫంక్షన్ హాలు అన్న మాటలు కనిపిస్తే ఆగండి.

గదిలో ఫ్రిజ్‌లో ఉన్నవి ఉచితమనుకోవడం. రోజుకు రెండు నీళ్ళ సీసాలు, టీ పొడి, పాలపొడి మామూలుగా ఉచితం. చాక్లెట్లు, కూల్‌డ్రింకులు బిల్లులోకి వస్తాయి. పిల్లలకు లోపలికి వెళ్ళగానే చెప్పండి. బట్టలు ఉతకడానికి ఒక్కో బట్టకు విడిగా వేస్తారు, ఇస్త్రీపెట్టె అడిగి తెప్పించుకుని మీరే చేసుకోవచ్చు.

ఒక్క రాత్రికే రిసార్టు. మధ్యాహ్నం 3కి వెళ్ళి మర్నాడు 11కి వచ్చేస్తే ఉన్నది 20 గంటలు, అందులో నిద్రే ఎనిమిది. ఏడాదికి రెండుసార్లు ఒక్కో రాత్రి వెళ్ళే బదులు ఒకేసారి రెండు రాత్రులు వెళ్ళండి.

సరైన నిర్ణయమేనా అని ఎలా చూసుకోవాలి

దిగిన మొదటి గంటలో: 2వ మెట్టులో రాసిన వాక్యం తీసి, అందులో ఉన్నది దొరికిందా చూడండి. టబ్బు లేని బాత్రూము అడిగి టబ్బు ఉన్న గది ఇస్తే బ్యాగులు విప్పకముందే కిందికి ఫోన్ చేయండి. ఒక పూట గడిచాక అడిగితే గది మార్చడం వాళ్ళకూ కష్టం, మీకూ కష్టం.

చెకవుట్‌కు ముందు రోజు రాత్రి: రిసెప్షన్‌లో అప్పటిదాకా అయిన బిల్లు ప్రింటు అడిగి వరస వరస చదవండి. పొద్దున బండికి తొందరపడుతూ సంతకం పెట్టే బిల్లులోనే తీసుకోని కాఫీలు, రెండుసార్లు వేసిన భోజనాలు దొర్లిపోతాయి. పన్ను శాతం గది రేటుకు తగ్గట్టుందా అన్నదీ అక్కడే చూడండి.

ఇంటికొచ్చాక: ఏమేం వాడుకున్నారో అదే కాగితం మీద టిక్కు పెట్టండి. మీరు విలువ వేసినవాటిలో సగానికి టిక్కు పడకపోతే ఈసారి మధ్యరకానికే వెళ్ళండి. అన్నిటికీ పడితే, వచ్చే ఏడు కూడా మీకు ఆ హోటలే సరైనది. నాన్నకు నిద్ర పట్టిందా, అమ్మకు బాత్రూము అనువుగా ఉందా అన్నది వాళ్ళనే అడిగి రాయండి, మనం ఊహించి రాయకూడదు.

వారం తర్వాత బ్యాంకు ఖాతా చూసి డిపాజిట్ వెనక్కి వచ్చిందో లేదో చూసుకోండి. రాకపోతే బిల్లు ఫోటోతో హోటల్‌కు ఈమెయిల్ పంపండి. జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు. బిల్లు, బుకింగ్ కాగితం, ఫోన్‌లో మాట్లాడినప్పుడు రాసుకున్న వివరాలు ఆ టైముకు చేతిలో ఉంచుకోండి.